ధూమపాన విసర్జనము – సహచరుల సాహాయ్యము

పొగ త్రాగుట కీడని పొగ త్రాగువానికి తెలియదనుకొనుట వట్టి భ్రమ. తెల్లవారుజామున దగ్గుచు లేచి, చుట్ట ముట్టించినగాని ఆ దగ్గు అణగదని నమ్మువానికంటె దాని కీడును ఎక్కువగా ఎరిగినవాడు మరియొకడు లేడు. సిగరెట్టుపెట్టెమీద పుండుపడిన నోటి చిత్రము అచ్చువేయబడియున్నది; దానిని చూచుచునే అతడు పెట్టె తెరచుచున్నాడు. 2016–17లో మన దేశమున జరిగిన గణనమునుబట్టి పొగ త్రాగు వయోజనులు 9 కోట్ల 95 లక్షలమంది. వారిలో సగమునకు మించినవారు మానవలెనని తలపోయుచున్నవారే. అందుచేత పొగాకు దోషములను వరుసగా వ్రాసి చదువరులను విసిగింపబోము. మానదలచినవానికి ఎవరు తోడుపడగలరు, ఆ తోడ్పాటు ఏరీతి నుండవలెను అను రెండు ప్రశ్నలే ఈ పాఠమున మనము విచారింపవలసినవి. మా నిశ్చయమును ముందుగనే చెప్పెదము. నెలదినముల క్రిందట మానినవాడు చేయగల ఉపకారమును, ఎన్నడును త్రాగనివాడు, ఎంతటి పండితుడైనను, చేయజాలడు.

మొదట ఈ యలవాటు ఎట్లు అంటుకొనునో చూతము. మొట్టమొదటి చుట్ట ఎవనికిని రుచింపదు. తల తిరుగును, కడుపులో త్రిప్పును, కన్నుల నీరు కారును. దేహము తనకు చేతనైన భాషలో వలదని చెప్పుచునే యుండును. అయినను రెండవమారు త్రాగించునది నాలుక కాదు, ప్రక్కనున్న స్నేహితుడు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమున గిరీశము శిష్యుడైన వెంకటేశము, తన గురువువలన తనకు అబ్బినదెల్ల చుట్ట కాల్చుట యొక్కటియే యని మొగముమీదనే అనును. చదివినవారెల్ల నవ్వుదురు గాని, అందు ఒక సత్యము ఇమిడియున్నది: పొగ ఒకని చేతినుండి మరియొకని చేతికి వచ్చు విద్య. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల తీరగ్రామములలో స్త్రీలు నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని త్రాగు అడ్డపొగయు ఇట్లే పెద్దవారిని చూచి పిన్నవారికి వచ్చినది. దాని వేడిమికి అంగిలి తెల్లబారి, పుండ్లు పడి, కొందరికి కాన్సరుగా పరిణమించుటను వైద్యులు ఆ ప్రాంతమున చిరకాలమునుండి కనుగొనుచున్నారు.

పెద్దవాడైన తరువాతను పొగకు సాంగత్యమే ఆధారము. 2008 అక్టోబరు 2వ తేదీనుండి బహిరంగస్థలములలో పొగ త్రాగుట దేశమంతట నిషేధింపబడినది గదా. నాటినుండి కచేరీలలో త్రాగువారు మెట్లక్రిందికో, ప్రహరీగోడ వెనుకకో, వీధిమలుపునందలి టీకొట్టునకో పోవుచున్నారు. అక్కడ గుమాస్తాయు, అతని పై యధికారియు ఒకే అగ్గిపుల్లతో ముట్టించుకొందురు. ఇంటి కష్టములు, ఉద్యోగపు చిక్కులు, కూతురి పెండ్లిమాటలు, అన్నియు ఆ అయిదు నిమిషములలోనే దొర్లును. కులమును హోదాను అడుగక నిప్పు ఇచ్చి పుచ్చుకొను ఆ చిన్న కూటమిని చూచి మేము అప్పుడప్పుడు అసూయపడుదుము. ప్రార్థనామందిరములలోనైనను అంత చనువు అరుదు. పొగ మానువాడు విడుచుచున్నది పొగాకును మాత్రమే కాదు, ఈ కూటమిని. దీనిని గమనింపని హితబోధ యెల్ల వ్యర్థము. ఒక సాంగత్యమును లాగికొని, బదులు మరియొకటి ఇయ్యకున్నచో, అతడు పదునైదు దినములకు ఆ గోడవెనుకకే పోవును.

ఇక దేహములో జరుగునది. పొగాకులోని నికొటీన్ అను ద్రవ్యము ఊపిరితిత్తులనుండి నెత్తురులో చేరి కొద్ది సెకండ్లలోనే మెదడునకు పోవును. అక్కడ తన్ను గ్రహించు స్థానములను తట్టి, డోపమైన్ అను మరియొక ద్రవ్యమును విడుదల చేయించును. దానివలన క్షణకాలము హాయి తోచును. నెత్తురులోని నికొటీన్ ఇంచుమించు రెండు గంటలకొకసారి సగమగుచుండును. అది తగ్గినకొలది చిరాకు, తొందర, మనస్సు నిలువకుండుట మొదలగును. మరల ముట్టించినంతనే ఆ చిరాకు పోవును. చుట్ట తన మనస్సును నిమ్మళింపజేయుచున్నదని త్రాగువాడు చెప్పుట అబద్ధము కాదు. కాని ఆ మనస్సును కలతపెట్టినదియు ఆ చుట్టయే. అధికవడ్డీ పిండుకొను షావుకారు పండుగనాడు ఒక రూపాయి చేతబెట్టగా అతనిని ధర్మాత్ముడనుట యెట్టిదో ఇదియు నట్టిదే.

మానిన పిమ్మట మొదటి మూడు దినములు మిక్కిలి కఠినములు. కోపము, నిద్రపట్టమి, తలనొప్పి, ఆకలి హెచ్చుట, కొందరికి దిగులు. మొదటి వారము దాటినచో ఇవి తగ్గుముఖము పట్టి, మూడు నాలుగు వారములకు చాలవరకు శమించును. త్రాగవలెనను తహతహ అలవలె వచ్చి, కొద్ది నిమిషములలో తగ్గిపోవును. నెలలు గడచినను, కాఫీ వాసనకో, పాత స్నేహితుని చూచియో, ఒకానొకప్పుడు తలయెత్తును. ఉదయమున చుట్టయో బీడీయో లేనిదే కాలకృత్యము జరుగదని మనవారిలో అనేకులు భయపడుదురు. నలుగురిలో చెప్పుకొన సిగ్గగుటచే ఉపన్యాసకులు ఈ సంగతి నెత్తనే యెత్తరు. ఈ భయము పూర్తిగా కల్ల కాదు. నికొటీన్ ప్రేగులను కదలించును. అయినను గోరువెచ్చని నీరు, ఆకుకూరలు, పండ్లు, ప్రాతఃకాలపు నడక కొద్ది వారములలో ఆ పనిని చక్కబెట్టును. ఈ మాట పుస్తకమున చదివినవాడు నమ్మడు. నెల క్రిందట తానును అట్లే భయపడి, ఇప్పుడు సుఖముగా నున్న పొరుగింటివాడు చెప్పినచో నమ్మును.

బ్రహ్మసమాజమువారికి ఈ మార్గము క్రొత్త కాదు. 1860లో కేశవచంద్రసేనులు కలకత్తాలో సంగతసభను నెలకొల్పిరి. శిక్కుల సంగత్తును తలచి దేవేంద్రనాథ ఠాకూరుగారు దానికి ఆ పేరు పెట్టిరి. అందు యువకులు తత్త్వచర్చ మాత్రమే గాక, తమ తమ నడవడిని గూర్చి, తమలోని లోపములను గూర్చి ఒకరితో ఒకరు మనసువిప్పి మాటలాడుకొనుచుండిరి. 1870లో ఇంగ్లండునుండి మరలివచ్చి కేశవచంద్రులు స్థాపించిన భారతసంస్కారసభయందు మద్యపాననివారణము ఒక శాఖ. పిమ్మట యువకుల కొరకు ఏర్పడిన బ్యాండ్ ఆఫ్ హోప్ అను ఆశాదళమువారు మద్యముతోపాటు పొగాకును సైతము ముట్టమని ప్రతిజ్ఞ చేయుచుండిరి. మన ఆంధ్రదేశమున రఘుపతి వెంకటరత్నమునాయుడుగారు (1862–1939) విద్యార్థులకు శీలశుద్ధిని, మద్యవిసర్జనమును యావజ్జీవము బోధించిరి.

ప్రతిజ్ఞ, సంగతము, ఈ రెంటిలో మేము సంగతమునకే ఎక్కువ విలువ ఇత్తుము. ఎన్నడును త్రాగని బాలునికి ప్రతిజ్ఞ కంచెవంటిది, వానిని కాపాడును. ఇరువదియేండ్లు త్రాగినవానికి అదియే ఉచ్చు కావచ్చును. నలుగురి యెదుట ప్రమాణము చేసి, మూడవనాడు తప్పి, తప్పితినని చెప్పుకొన సిగ్గుపడి, దొడ్డివైపునకు పోయి త్రాగి, లవంగము నమలి సభకు వచ్చువానికి పొగాకుతోపాటు కపటమును అబ్బును. సంగతమున చెప్పుకొనుటకు చోటున్నది. 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతువివాహమును జరిపినప్పుడు తోడ్పడినవారికి బంధువులవలనను ఊరివారివలనను కలిగిన ఇడుములు మన మెరిగినవే. వారు నిలువబడినది ఉపన్యాసముల బలిమిచే మాత్రమే కాదు, ఒకరికొకరుండుటచే. పొగ మానుట ఆ మహాకార్యముతో తూగునది కాదు; కాని నలుగురు చేయుదానిని మానువానికి వేరొక నలుగురు కావలెననుట రెండింటను సమానమే.

ఇది మా యూహ మాత్రమే యని తలంపవలదు. అమెరికాలోని ఫ్రేమింగ్‌హాము పట్టణమున జరుగుచు వచ్చిన హృద్రోగపరిశోధనలో చేరిన 12,067 మంది స్నేహబాంధవ్యములను, 1971 మొదలు 2003 వరకు, నికొలాస్ క్రిస్టాకిస్, జేమ్స్ ఫౌలర్ అను నిరువురు పండితులు పరిశీలించి 2008లో ప్రకటించిరి. దంపతులలో ఒకరు మానినచో రెండవవారు త్రాగు సంభావ్యత నూటికి 67 వంతులు తగ్గెనట. స్నేహితుడు మానినచో 36, చిన్న కార్యాలయమున తోడి యుద్యోగి మానినచో 34, తోబుట్టువు మానినచో 25. జనులు ఒక్కొక్కరుగా గాక, గుంపులు గుంపులుగా మానిరని వారి నిర్ణయము. ఒకరిని చూచి ఒకరు మానిరో, ఒకే స్వభావము గలవారే స్నేహితులగుటచే అట్లు కనబడెనో యని విద్వాంసులలో వాదము కలదు. మరియు, అనేక పరీక్షలను ఒక్కచోట చేర్చి తూచిన సమీక్షలలో, పుస్తకములు చదివి తామే మానుటకు యత్నించినవారికంటె, సంఘముగా కూడి మానుటకు యత్నించినవారు ఇంచుమించు రెట్టింపుగా కృతార్థులైనట్లు తేలినది. అయితే ఓర్పుగల వైద్యుడు ఒక్కనినే కూర్చుండబెట్టుకొని పలుమారులు మాటలాడు పద్ధతికంటె సంఘమే మిన్నయని తేలలేదు. అటువంటి వైద్యుడు దొరికినవాడు అదృష్టవంతుడు. దొరకనివారు మన పల్లెలలో లెక్కకు మిక్కిలి. సహచరులైనచో ప్రతి యూరను దొరకుదురు.

సంగతమునకు పెద్ద యేర్పాట్లు అక్కరలేదు. అయిదారుగురు చాలును. పదునైదుగురు మించినచో సిగ్గరులు నోరు విప్పరు. వారమునకు ఒకటి రెండుమారులు, సాయంకాలము, గంటకు మించకుండ కూర్చుండవలెను. మొదటి నెలలో ఇంకను తరచుగా కలిసికొనుట మేలు. మానినవారిలో ఒకడు ముందు తన కథ చెప్పవలెను. ఘనతను కాదు, కష్టమును చెప్పవలెను. "నేను ఒక్కనాటితో విసరివైచితిని" అనువాడు సత్యమే చెప్పినను, వినువానికి కుంగుబాటు తప్ప లాభము లేదు. "తమ్ముడా, నాలుగవనాడు నేను ఇంటిలో అందరిమీదను విరుచుకుపడితిని, మీ వదిన పిల్లలను తీసికొని అరుగుమీద కూర్చుండెను. పదవనాటికి నాకే నవ్వు వచ్చినది. లెమ్ము, చెరువుగట్టుదాక నడిచివత్తము" అనువాడు నిజమైన ఉపకారి. తహతహ వచ్చునది కొద్ది నిమిషములే గనుక, చెరువుగట్టు చేరునప్పటికి అది వెనుకబడియుండును.

ప్రతివాడును మానుదినమును ముందుగా నిర్ణయించుకొని ఇంటివారికి తెలుపవలెను. ఆ దినమునకు ముందు తాను ఏయే వేళల త్రాగుచున్నాడో, ఎవరితో త్రాగుచున్నాడో ఒక కాగితముమీద వ్రాసికొన్నచో మేలు. అనేకులకు ఆ కాగితమే కన్ను తెరపించును. ఇంటనున్న బీడీకట్టలను, అగ్గిపెట్టెలను పారవేయవలెను. నిప్పుతాడు వ్రేలాడు కిళ్ళీకొట్టు దారిని కొన్నాళ్ళు విడిచి వేరొక వీధిని పోవలెను. భోజనానంతరము చేతికి పని కల్పింపవలెను. సోపుగింజలో, ఏలకియో, ఉసిరిక ముక్కయో నోట వేసికొనవచ్చును. ఇచ్చట ఒక హెచ్చరిక యవసరము. పొగ మానితినని చెప్పుచు ఖైనీకి, గుట్కాకు, జర్దాకిళ్ళీకి మరలినవారు మనలో అసంఖ్యాకులు. అది పొయ్యిలోనుండి పెనముమీదికి వచ్చుట. పొగాకు లేని వక్క సైతము కాన్సరుకు కారణమని అంతర్జాతీయ కాన్సరు పరిశోధనసంస్థ 2004లో ప్రకటించినది. బీడీ సిగరెట్టుకంటె చిన్నది గనుక హాని తక్కువయనుటయు పొరపాటే. తునికాకు గాలిని చొరనీయదు; అది ఆరకుండుటకై మాటిమాటికి గట్టిగా పీల్చవలసియుండుటచే తారు, నికొటీన్, కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు బీడీనుండి తక్కువగా గాక ఎక్కువగానే లోపలికి పోవును.

నికొటీన్ కలిపిన చూయింగ్ గమ్మును, పట్టీలను వైద్యుని సలహాతో వాడుట అధర్మమనియు, మనోబలము లేనివారి పనియనియు కొందరు సంస్కారులు అందురు. మేము అంగీకరింపము. కాలు విరిగినవాడు కఱ్ఱ పట్టుకొని నడచుటను ఎవరైన నిందింతురా? దివ్యౌషధము గాకున్నను, అది తొలి వారముల తాపమును తగ్గించును. ఊరిలో సంగతము లేనివారికి, 2016లో ఢిల్లీలోని వల్లభాయి పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ప్రారంభమైన జాతీయ సాహాయ్యవాణి కలదు; దాని సంఖ్య 1800-11-2356 పొగాకు పెట్టెలమీదనే అచ్చువేయబడుచున్నది.

వృద్ధులు "ఇంకెన్నాళ్ళు బ్రదుకుదును, ఇప్పుడు మాని యేమి ప్రయోజనము" అందురు. ఇంగ్లండున రిచర్డు డాల్ ప్రభృతులు 34,439 మంది పురుషవైద్యులను 1951 మొదలు ఏబదియేండ్లు గమనించి 2004లో ఫలితమును ప్రకటించిరి. ఎడతెగక సిగరెట్టు త్రాగినవారు త్రాగనివారికంటె సగటున పదియేండ్లు ముందుగా గతించిరి. ముప్పదియవ యేట మానినవారు ఆ పదియేండ్లను ఇంచుమించు పూర్తిగా, నలుబదియవ యేట మానినవారు తొమ్మిదింటిని, ఏబదియవ యేట మానినవారు ఆరింటిని, అరువదియవ యేట మానినవారు సైతము మూడింటిని దక్కించుకొనిరి. మూడేండ్లనగా మనుమరాలి పెండ్లి చూచుటకు చాలినంత కాలము. వృద్ధునికి ఈ లెక్క చెప్పవలసినవాడు కూడ అరువదియవ యేట మానిన మరియొక వృద్ధుడే.

స్త్రీల సంగతము వేరుగా నుండవలెను. పురుషుల సభలో అడ్డపొగ మాట ఏ స్త్రీ యెత్తును? కేరళమున ఎర్నాకులం జిల్లాలో 12,212 మంది పొగాకు వాడువారిని పదియేండ్లు ఏటేట ఇంటింటికి పోయి చూచి, నోటిని పరీక్షించి, స్వయముగా బోధించిన పరిశోధకులు, మానినవారి నోట తెల్లమచ్చలు మొదలైన దోషములు క్రొత్తగా పుట్టుట మిక్కిలి తగ్గినట్లు కనుగొనిరి. ఈ కృషిలో శ్రీకాకుళము జిల్లాయు చేరియుండెను. గుమ్మములోనికి వచ్చి, అరుగుమీద కూర్చుండి, నోరు తెరపించి చూచి, మరుసటి యేడు మరల వచ్చెదమని చెప్పి వచ్చిన మనుష్యులు చేసిన మేలది. తీరగ్రామములలో అడ్డపొగ మానిన ఒక్క ముసలమ్మ, తన అంగిటిమచ్చ తగ్గిన సంగతిని నీళ్ళరేవున పదుగురికి చెప్పినచో, మా పత్రిక నూరు ప్రతులకంటె ఎక్కువ పని జరుగును.

పొగాకు పండించువారిని, బీడీలు చుట్టువారిని సంగతమున ఎన్నడును దూషింపరాదు. గోదావరి లంకలలోను గుంటూరు నల్లరేగళ్ళలోను వేలకొలది కుటుంబములు ఆ పంటమీద బ్రదికినవి. తెలంగాణమున ఒడిలో చేట పెట్టుకొని ప్రొద్దుగూకువరకు బీడీలు చుట్టు స్త్రీల కూలియే అనేక గృహములకు ఆధారము. వారి జీవనమునకు వేరుదారి చూపుట వేరొక గొప్ప సమస్య. దానిని ఈ పాఠములో ఇరికింపము.

ఇక మిక్కిలి ముఖ్యమైనది తప్పినవాని సంగతి. మానదలచినవారిలో పెక్కుమంది మొదటి ప్రయత్నముననే కృతార్థులు కారు. పలుమారులు యత్నించి తుదకు మానుదురు. కావున సంగతమున ఎవరో యొకరు తప్పుట తథ్యము. అతడు ఏదో పెండ్లి విందునందో, శవదహనమునకు పోయిన నాటి రాత్రియో ఒకటి ముట్టించును. ముట్టించినది ఒక్కటే, దానివలన దేహమునకు కలిగిన హాని స్వల్పము. కాని "నా బ్రదుకింతే" అని అతడు తరువాతి వారము సంగతమునకు రాడు. రానివానికి మిగిలినది గోడవెనుకనున్న పాత కూటమియే. అక్కడివారు ఆదరముతో నిప్పు ఇత్తురు. ఈ పందెమున సంగతము గెలువవలెనన్నచో, ఆ పాత కూటమికంటె తక్కువ ఆదరము చూపరాదు. అతడు రాని సాయంకాలముననే ఇరువురు లేచి అతని యింటికి పోవలెను. ఏల తప్పితివని అడుగరాదు. ఏ వేళను, ఎవరితో నున్నప్పుడు, చేతికి ఎట్లు వచ్చినది అని అడుగవలెను. దారిలో గుంత ఎక్కడ నున్నదో తెలిసికొనుటకు అడిగినట్లు. మానిన దినములు వ్యర్థమైనవని అతడన్నచో, ఇరువది దినములు పొగ లేక బ్రదుకగలవని నీవే ఋజువు చేసితివి గదా యని గుర్తుచేయవలెను. పిదప నాటి రాత్రి భోజనానంతరము అతనితో ఎవరు నడకకు పోవుదురో, మరునాటి యుదయమున టీకొట్టువేళకు ఎవరు అతని కచేరీకి పోయి పిలుచుకొని వత్తురో అక్కడనే నిర్ణయించుకొని, కొత్త మానుదినమును అతనిచేతనే చెప్పించి, లేచి రావలెను.